ఏ భాషలో పలకాలి? అశోకవనం నుంచి చీరాల దాకా

సుందరకాండ పారాయణంలో ఏటా మనం వినే ఘట్టమొకటి ఉంది. హనుమంతుడు సముద్రం దాటాడు, లంకంతా గాలించాడు, చివరికి అశోకవనంలో సీతాదేవిని దర్శించాడు. కార్యం సగం నెరవేరినట్టే. అయితే శింశుపా వృక్షం కొమ్మల చాటున కూర్చున్న ఆ మహాబలుడికి అప్పుడొక చిక్కు ఎదురైంది. అది బలంతో తీరేది కాదు. ఈ తల్లితో ఏ భాషలో మాట్లాడాలి? పండితులు పలికే సంస్కృతంలో మాట్లాడితే, వానరుని నోట ఆ భాష విని, ఇదీ రావణుడి మాయేనని ఆమె బెదరిపోవచ్చు. ఆమె కేక వేస్తే కావలి ఉన్న రాక్షసస్త్రీలు లేస్తారు, వచ్చిన పని చెడుతుంది. మాట్లాడకుండా ఊరుకుంటే ఆమె ప్రాణాలే నిలవకపోవచ్చు. ఈ రెంటి నడుమ చాలాసేపు తర్కించుకుని, మామూలు మనుషులు మాట్లాడుకునే భాషలోనే పలకాలని ఆయన నిశ్చయించుకున్నాడు. అప్పుడు కూడా సూటిగా ఆమెను పిలవలేదు. దశరథ మహారాజు పేరుతో మొదలుపెట్టి, ఆమెకు తెలిసిన కథనే, ఆమె చెవిన పడేంత మెల్లగా వినిపించాడు.

కిష్కింధాకాండలో దీనికి ముందుమాట వంటి సన్నివేశం ఉంది. భిక్షువు వేషంలో వచ్చిన హనుమంతుడు రామలక్ష్మణులను పలకరించినప్పుడు, రాముడు వెంటనే ఆయనకు బదులు చెప్పలేదు. తమ్ముడి వైపు తిరిగి ఆ మాటతీరును మెచ్చుకున్నాడు. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదట. మాట్లాడుతున్నప్పుడు కళ్ళలో గాని, నుదుట గాని, కనుబొమల్లో గాని వికారమేదీ కనిపించలేదట. మాటలో సాగతీత లేదు, తొట్రుపాటు లేదు, గొంతు మధ్యమస్థాయిలో నిలిచింది. కత్తి దూసి వచ్చిన శత్రువుకైనా ఇటువంటి మాట వింటే మనసు మెత్తబడుతుందని రాముడి అభిప్రాయం. వక్తృత్వం నేర్పుతామని ఈనాడు అమ్ముడయ్యే పుస్తకాల్లో సగం సరుకు ఆ కొద్ది శ్లోకాల్లోనే ఉందంటే అతిశయోక్తి కాదు. అయినా కిష్కింధలో రాముడు మెచ్చుకున్నది మాట చక్కదనాన్ని. అశోకవనంలో హనుమంతుడికి కావలసి వచ్చినది అంతకంటే కష్టమైన విద్య. భయంలో, అనుమానంలో ఉన్న మనిషి చేత నమ్మించగల మాటను వెతుక్కోవాలి. ఆ మాట ఎక్కడ దొరుకుతుందంటే, వినేవారి దగ్గరే దొరుకుతుంది.

ఈ వ్యాసంలో మనం ఈ రెండవ విద్యనే పట్టుకుని, 1879 మొదలు సుమారు అర్ధశతాబ్ది పాటు తెలుగునేల మీద సభల్లో లేచి మాట్లాడినవారు ఆ చిక్కును ఎలా విప్పుకున్నారో చూద్దాం. మిగిలిన వారిని కొంత త్వరగా పలకరించి, చీరాల దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. మాటకు మనుషులు ఎంత మూల్యం చెల్లించగలరో తెలిసేది అక్కడే.

ఒక మనిషి లేచి నిలబడి, ఇకమీదట మనమేమి చెయ్యాలో నలుగురి చేత ఒప్పించేటట్టు మాట్లాడే సభ తెలుగునాట మరీ ప్రాచీనమైనది కాదు. ఉపన్యాసమనే సంస్కృతపదం పాతదే గాని, లెక్చరు అనే అర్థంలో అది పందొమ్మిదో శతాబ్దిలో ఇంగ్లీషు బడులతో పాటు వాడుకకు వచ్చింది. అంతకు ముందు ఊరి జనం కూర్చుని వినే మాట ప్రధానంగా గుడి మండపంలోది. ఒకరు భారత భాగవత పద్యాలు రాగయుక్తంగా చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. హరికథ ఉండేది. దాన్ని మహోన్నత స్థాయికి తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరంలో వెలిగారు. కాళ్ళకు గజ్జెలు, చేత చిరతలు, నోట పాట, నడుమ నడుమ వచనం. కథ బరువెక్కిన చోట దాసుగారు పిట్టకథ ఎత్తుకోవడం, జనం కునుకుతున్నారనిపిస్తే గోవిందనామం పలికించడం ఆ కళలో భాగమే. వినడానికి వచ్చినవారు అక్కడ ఊరికే కూర్చోరు. బదులు పలుకుతారు, నవ్వుతారు, తెలిసిన పద్యం వస్తే పెదవి కదుపుతారు. ఇంగ్లీషు చదివి వచ్చిన కొత్త ఉపన్యాసకుడు ఎదుర్కోవలసి వచ్చినది ఇటువంటి శ్రోతలను. వారికి వినడం బాగా తెలుసు. అయితే ఎదుటివాడు ఎలా చెప్పాలో కూడా వారికొక అలవాటు ఉంది.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1879లో వితంతు వివాహాలను సమర్థిస్తూ మాట్లాడినప్పుడు, దయ చూపండి, న్యాయం చెయ్యండి అన్న మాటలతో ఆగలేదు. పరాశర స్మృతిని తెచ్చి సభ ముందు పెట్టారు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు అంతకు ముందే తొక్కిన దారి అది. ఎదుటివారు శాస్త్రమంటే తలవంచేవారు, కనుక శాస్త్రంతోనే రావాలి. హనుమంతుడి లెక్కే ఇది: వినేవారు దేన్ని నమ్ముతారో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పండితులు ఎదురు వాదించారు, పంతులుగారు బదులిచ్చారు, వాదం పత్రికల్లోకి పాకింది. వాదంలో ఎవరిది పైచేయి అన్నది ఆనాటి సభికులు ఎవరికి వారే తేల్చుకుని ఉంటారు. పెళ్ళి మాత్రం మాటతో జరగలేదు. 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వంటవారు రామంటే భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే వంట చేశారు, నీళ్ళు మోశారు. విద్యార్థులు కాపలా నిలిచారు. ఆ తర్వాత వెలి, నింద అన్నీ వచ్చాయి. ఆ ఇల్లాలు మోసిన నీళ్ళ బిందెను కూడా ఆ ఉపన్యాసంలో భాగంగానే లెక్కించాలని మా అభిప్రాయం. పంతులుగారి మాటను ఊరు నమ్మిందో లేదో గాని, ఆ మాట మీద ఆయన నిలబడతారని ఆ రోజు నుంచి నమ్మక తప్పలేదు.

కాలక్రమం కాస్త తప్పినా, ఇదే కోవకు చెందిన మరో సభను ఇక్కడే చెప్పుకుందాం. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సమావేశం. పరిషత్తు గ్రాంథికభాషకు కోట. అక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు నాలుగు గంటలసేపు మాట్లాడారు. వాడుకభాష గొప్పదని పొగుడుతూ కూర్చుంటే ఆ సభలో చెల్లదని ఆయనకు తెలుసు. అందుకే గ్రాంథికవాదుల రచనలనే తెరిచి, ఆ భాషలోనే జరుగుతున్న తప్పులను, ప్రాచీనులు చేసిన ప్రయోగాలను ఒక్కొక్కటిగా చూపించారు. ప్రత్యర్థి పెట్టెలోని తూకపురాళ్ళతోనే ప్రత్యర్థి సరుకు తూచడమంటే ఇదే. సవర భాషను నేర్చుకోవడానికి కొండల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుని, దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు వినికిడి పోయింది. సభలో గొణుగుడూ కరతాళధ్వనులూ సరిగా చెవికెక్కని మనిషి నాలుగు గంటలు సభను పట్టి ఉంచారంటే, ఆ పట్టు గొంతులోది కాదు, సాక్ష్యాల్లోది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనమిప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పిల్లల చేత ఆయన పేరు చెప్పించడంతో పాటు, ఆ వాదన ఎలా నడిచిందో కూడా చెప్పిస్తే బాగుంటుంది.

ఈ రెండు సభలూ పండితులవి. పుస్తకం తెరిచి చూపితే చదవగలిగినవారు కూర్చున్న చోట్లు అవి. వేలాది జనం వచ్చిన చోట ఏం చెయ్యాలి? ఇందుకు 1907 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం ఒక జవాబు చెప్పింది.

బెంగాలు విభజన మీద దేశం కోపంతో ఉన్న రోజులవి. వందేమాతరం ఉద్యమ ప్రచారానికి బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నం మీదుగా మద్రాసు దాకా ఆయన యాత్ర సాగింది. కృష్ణాపత్రికతో పేరు గడించిన ముట్నూరి కృష్ణారావుగారు వెంట ఉన్నారు. పాల్ గొప్ప వక్త. అయితే ఆయన మాట్లాడినది ఇంగ్లీషులో. రాజమహేంద్రవరంలో కిక్కిరిసిన ఆ జనంలో ఎందరికి అది అర్థమవుతుంది? ఆ ఉపన్యాసాలను తెలుగులో చెప్పే భారం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి మీద పడింది. చిన్ననాటి నుంచీ చూపు మందగించిన మనిషి ఆయన. కాగితం మీద రాసుకుని చూసి చెప్పే వీలు అంతగా లేదు. విన్నదాన్ని మనసులో నిలుపుకుని, తెలుగులో మళ్ళీ పుట్టించాలి. ఈ దేశంలో అమ్మమ్మకూ డాక్టరుకూ నడుమ నిలబడి మాట అందించే మన పిల్లలకు ఆ కష్టం వేరే వివరించనక్కరలేదు. ఒక మాటకు సరైన మాట దొరక్క నాలుక తడబడే క్షణం వారికి తెలుసు.

చిలకమర్తివారు నాటకకర్త. ఆయన గయోపాఖ్యానం తెలుగు ఊళ్ళల్లో విరివిగా ఆడిన నాటకం. వేదిక మీది మాట జనంలోకి ఎలా దిగుతుందో ఆయనకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. పాల్ ఉపన్యాసాన్ని తెలుగు చేసిన సందర్భంలో ఆయన ఆశువుగా నాలుగు పాదాల చిన్న పద్యమొకటి చదివారు. అందులో భరతఖండం పాడియావు, ప్రజలు దాని లేగదూడలు. దూడల మూతులు బిగగట్టి దొరలు ఆవును పితుక్కుంటున్నారు. అంతే. పన్నులు, ఎగుమతులు, సంపద తరలిపోవడం, ఇవన్నీ అంకెలతో వివరించాలంటే ఒక పూట పడుతుంది. దాదాభాయి నౌరోజీ వంటివారు ఆ అంకెలు ఎంతో శ్రమపడి కూర్చారు కూడా. గోదావరి జిల్లా రైతు ఇంట్లో రోజూ తెల్లవారుజామున జరిగే పనిని చూపించి చిలకమర్తివారు ఆ లెక్కను ఒక్క ఊపిరిలో తేల్చారు. పాలు పితికే వేళ దూడను కట్టెయ్యడం ఎరగని ఇల్లు ఆ సభలో ఉండదు. ఆకలితో అరిచే దూడ చూపు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. పద్యమైనందువల్ల ఇంకో లాభం కలిగింది. ఉపన్యాసం విని ఇంటికి పోయినవాడు దాన్ని తిరిగి చెప్పలేడు, పద్యాన్ని చెప్పగలడు. యతిప్రాసలు పట్టుకుని అది నోటినుంచి నోటికి పోయింది, నూరేళ్ళు దాటినా తెలుగువారి నోళ్ళల్లో ఇంకా ఉంది. ఆ సభలో పాల్ ఏమి చెప్పారో మనలో ఎంతమందికి గుర్తు?

(ఆ పద్యంలో లేగదూడలుగా పేర్కొన్నది హిందువులనే. ఆవు పాలు తాగని మతమంటూ ఏదీ లేదు గదా, పక్కన ఇంకొందరు దూడలు కూడా కట్టివేయబడే ఉన్నారు. వినేవారిని దగ్గరకు తీసే ప్రతి ఉపమానమూ కొందరిని గడప అవతల నిలబెట్టే ప్రమాదం ఉందని ఇక్కడ గమనించి ముందుకు పోదాం.)

ఫలితం వెంటనే కనిపించింది. రాజమహేంద్రవరంలో విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు తగిలించుకుని తరగతులకు వెళ్ళారు. కళాశాల అధికారులు కన్నెర్ర చేశారు. చదువు పోగొట్టుకున్నవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. మాట చెప్పినవారు మరో ఊరు వెళ్ళిపోయారు, మూల్యం చెల్లించినది విన్న కుర్రవాళ్ళు. ఈ సంగతి మనసులో ఉంచుకుని చీరాలకు పోదాం.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2న కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ప్రసిద్ధ కళావేత్త ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ గ్రంథాన్ని ప్రచురించింది. ఆయన కథ చెప్పేవారు చాలామంది ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటవేస్తారు. మాకు మాత్రం ఇది ముఖ్యమనిపిస్తుంది. తల కదలికలు ఎన్ని, చూపులు ఎన్ని, చేతిముద్రలు ఏమేమి చెప్పగలవు, చేతికీ చూపుకూ మనసుకూ ఉన్న బంధమేమిటి అని వివరించే శాస్త్రం అది. నాట్యం నేర్చుకునే మన పిల్లలకు హస్తాల పేర్లు ఆ గ్రంథం నుంచే వస్తున్నాయి. దాన్ని మాటమాటా తూచి అనువదించిన మనిషి, తర్వాత వేలమంది ముందు నిలబడ్డాడు. శరీరం మొత్తం మాట్లాడుతుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దేశానికి తిరిగివచ్చాక రాజమహేంద్రవరంలోనూ, మచిలీపట్నం జాతీయ కళాశాలలోనూ కొంతకాలం పాఠాలు చెప్పి, ఆయన చీరాల చేరుకున్నారు. అక్కడాయన ముందు కూడా శింశుపా వృక్షం మీది ప్రశ్నే నిలిచింది. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, సంస్కృతం వచ్చు, అర్థశాస్త్రం చదివారు. ఎదురుగా ఉన్నవారిలో ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతపనివారు, రైతులు, చిన్న వర్తకులు. ఆయన రామాయణాన్ని ఎంచుకున్నారు. స్వచ్ఛంద సేవకుల దళాన్ని కట్టి దానికి రామదండు అని పేరుపెట్టారు. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ. వాలంటీరు అన్న మాటకు ఆనాటి ఊరివారికి అర్థం చెప్పాలి, రామదండు అంటే చెప్పనక్కరలేదు. సేతువు కట్టిన వానరులు జీతానికి రాలేదనీ, ఉడుత కూడా ఇసుక మోసిందనీ అందరికీ తెలుసు. ఒక్క పేరుతో క్రమశిక్షణ, సేవ, నమ్మకం మూడూ జనానికి అందాయి. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు జనసందోహాన్ని అదుపులో ఉంచినది ఈ దండే.

ఆయన ఉపన్యాసాలు హరికథకూ లెక్చరుకూ నడుమ ఉండేవి. చమత్కారం, పాట, ఆశుపద్యం, మధ్యలో సభను ఉద్దేశించి ఒక విసురు. జానపద కళాకారులను చేరదీశారు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పేరిట చీరాలలో ఒక సాహిత్య కళాకూటమిని నడిపారు. గుడి మండపంలో అలవడిన శ్రోతకు, ఆ అలవాటు చెడకుండా, కొత్త విషయం చెప్పగలిగారు. ఆంధ్రరత్న అన్న బిరుదు ఆయనకు ఊరికే రాలేదు.

ఇక అసలు విషయం. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. అప్పటిదాకా యూనియన్‌గా ఉన్న వాటిని 1919లో మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చ తలపెట్టింది. ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 దాకా పోతుంది. నేతగాడి రాబడి అలాగే ఉంటుంది. జనం అర్జీలు పెట్టుకున్నారు, ఫలితం లేదు. సభ్యులు రాజీనామా చేశారు, ప్రభుత్వం జీతగాడిని అధ్యక్షుడిగా నియమించి పని నడిపింది. పన్ను కట్టమన్నవారిలో కొందరిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు.

1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపారు. ఒకటి, పన్ను కట్టకుండా వచ్చిన శిక్షను శాంతంగా అనుభవించడం. రెండవది, పురపాలక సంఘం హద్దులు దాటి ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోవడం. ఊరే లేకపోతే పురపాలక సంఘం ఎవరిని పాలిస్తుంది? వినడానికి ఎంత సులువుగా ఉందో, చెయ్యడానికి అంత కఠినమైన దారి. గోపాలకృష్ణయ్యగారు రెండవదాన్ని ఎంచుకుని, ఊరివారి చేత ఒప్పించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆయన అడిగినదేమిటో తూకం వేసుకుందాం. వందేమాతరం అనమని అడగడం వేరు. చందా అడగడం వేరు. తాతలనాటి ఇల్లు, గుంట తవ్వి నిలిపిన మగ్గం, బావి, పెరటి చెట్టు, గొడ్ల చావిడి, ఇవన్నీ వదిలి ఊరి బయట పాకలోకి రమ్మని అడిగారు. అదీ నడివేసవిలో. పసిబిడ్డ తల్లులు, మంచం పట్టిన ముసలివారు, గర్భిణులు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా కదిలారు. తెలుగునాట ఏ ఉపన్యాసానికీ ఇంత బరువైన జవాబు వచ్చినట్టు మాకు తోచదు.

జనం ఎందుకు కదిలారు? పన్ను భారం ఒక కారణం, అది నిజం. గాంధీగారి పేరు మరొక కారణం. ఇవి రెండూ చాలావు. పన్ను బాధ ఉన్న ఊళ్ళు ఇంకా ఉన్నాయి, గాంధీగారు అడుగుపెట్టిన ఊళ్ళు అనేకం ఉన్నాయి, అవి ఖాళీ కాలేదు. గోపాలకృష్ణయ్యగారు ఆ కష్టానికి వారికి ముందే తెలిసిన ఒక రూపం ఇచ్చారు. కొత్త నివాసానికి రామనగరమని పేరు. ఊరు వదలడం ఓటమి కాదు, అయోధ్య విడిచి వెళ్ళినవారెవరో ప్రతి ఇంటికీ తెలుసు. వనవాసం అనగానే దానికొక గడువుంటుందనీ, చివర పట్టాభిషేకం ఉంటుందనీ వేరే చెప్పకుండానే తెలుస్తుంది. పస్తును వ్రతంగా, పాకను పర్ణశాలగా చూపించగల శక్తి ఆ కథకు ఉంది. దాన్ని ఆయన వాడుకున్నారు. ఆ మాటకు నిర్మాణం కూడా తోడైంది. రామనగరంలో కులాలవారీగా ఎన్నుకున్న ప్రతినిధుల సభ ఏర్పడింది. తగవులు తీర్చే పంచాయతీ ఉండేది. రామదండు కాపలా కాసింది. ఉత్త ఉపన్యాసమే అయితే ఆ ఉత్సాహం మొదటి వానకే కరిగిపోయేది.

వాన వచ్చింది, చలి వచ్చింది. తాటాకు పాకల్లో పదకొండు నెలలు గడిచాయి. అంతమందిని నిలబెట్టడానికి డబ్బు కావాలి. అందుకోసం గోపాలకృష్ణయ్యగారు బరంపురం వెళ్ళారు. అక్కడ మాట్లాడరాదని అధికారులు 144వ సెక్షను కింద నిషేధాజ్ఞ ఇచ్చారు. ఆయన మాట్లాడారు.

భారతంలో కృష్ణరాయబారం చదివినప్పుడు పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: దుర్యోధనుడు వినడని తెలిసి కూడా కృష్ణుడు ఎందుకు వెళ్ళాడని. కృష్ణుడే విదురుడికి చెప్పిన జవాబుంది. తాను ప్రయత్నించలేదన్న మాట లోకం అనకూడదు. ఆ సభలో మాట దుర్యోధనుడిని ఉద్దేశించినదే అయినా, అది చేరవలసినవారు ఇంకా ఉన్నారు. తిరుపతి వేంకటకవుల ఉద్యోగ విజయాల పద్యాలు ఊరూరా మారుమోగిన కాలంలో పెరిగిన వక్తకు ఈ సూక్ష్మం తెలియకుండా ఉండదు. బరంపురంలో ఆయన నోరు తెరిచినప్పుడు వినవలసినవారు అక్కడ కూర్చున్నవారు మాత్రమే కాదు, చీరాల పాకల్లో ఉన్నవారు కూడా. మాట మీద తాను కూడా నిలబడతానని వారికి చూపించాలి.

అయితే కృష్ణుడు కౌరవసభ నుంచి తిరిగి వచ్చాడు. గోపాలకృష్ణయ్యగారిని పట్టి ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. రామనగరానికి గొంతు పోయింది. కదిలించిన మాట ఒక్క మనిషి కంఠంలో ఉండడమే ఆ ఉద్యమానికి బలం, ఆ బలహీనత కూడా అదే. డబ్బు అడుగంటింది, రోగాలు ముసురుకున్నాయి, మగ్గాలు ఆగిపోయిన ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. ప్రభుత్వం మెట్టు దిగలేదు. 1922లో జనం ఒక్కొక్కరుగా పాత ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. పురపాలక సంఘం నిలిచింది.

కొందరు చరిత్రకారులు దీన్ని వీరగాథగా రాశారు, మరికొందరు తొందరపాటు అన్నారు. గోపాలకృష్ణయ్యగారు తన శ్రోతలను మోసం చెయ్యలేదని మేము నిస్సంకోచంగా అంటాం. వారి నడుమనే మెలిగారు, వారికంటే ఎక్కువే పోగొట్టుకున్నారు. కాని వనవాసపు కథను ఎత్తుకున్నప్పుడు ఆయన పద్నాలుగేళ్ళ సంగతిని ఎంత గట్టిగా చెప్పారు, పట్టాభిషేకం సంగతిని ఎంత గట్టిగా చెప్పారు అన్న ప్రశ్న మమ్మల్ని వదలదు. అశోకవనంలో హనుమంతుడు కథతో మొదలుపెట్టినా, కథతో సరిపెట్టలేదు. ఉంగరం ఇచ్చాడు, అడిగిన ఆనవాళ్ళన్నీ చెప్పాడు, తిరిగి చూపడానికి చూడామణి పుచ్చుకున్నాడు. రాముడు వస్తాడన్న మాటకు వెనుక ఒక సైన్యం కూడుతున్నదని ఆయనకు తెలుసు. చీరాల పాకల వెనుక ఏ సైన్యమూ లేదు.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్యగారు కాంగ్రెసులో పనిచేశారు, గోష్ఠిని నిలబెట్టడానికి ప్రయత్నించారు, అప్పుల్లో మునిగారు. క్షయవ్యాధితో 1928 జూన్ 10న మరణించారు. ముప్పైతొమ్మిదేళ్ళు నిండి వారం రోజులు. ఆయన చమత్కారాలు, చాటువులు ఇప్పటికీ తెలుగువారు చెప్పుకుంటారు. రామనగరంలో ఆ పదకొండు నెలలు వండుకుని తిన్న ఇల్లాండ్రు, తిరిగి వచ్చి పాత ఇంటి తాళం తీసి పురపాలక సంఘానికి పన్ను కట్టిన నేతగాళ్ళు ఏమని చెప్పుకున్నారో మాత్రం మన దాకా చేరినది చాలా తక్కువ. మనకు వినిపించేది ఎక్కువగా వేదిక మీది గొంతే. చీరాల ఈనాటికీ పురపాలక సంఘమే.